బక్రీద్‌కు ఆ ఇల్లు వదిలి వెళ్లిపోనా?

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. అరబిక్ నేర్చుకోవడానికి మొరాకో వచ్చి, రబాత్‌లో ఒక కుటుంబంతో ఉంటున్నాను. ఇంటావిడను ఖాల్తీ అని పిలుస్తాను, అంటే పిన్ని. కూతురిలా చూసుకుంటారు. వచ్చే వారం బక్రీద్. డాబా మీద గొర్రెను కట్టేశారు. వాళ్ల ఎనిమిదేళ్ల బాబుతో కలిసి నేనూ దానికి మేత వేస్తున్నాను. నేను పుట్టు శాకాహారిని. పండగ మాంసం ఒక్క ముక్కయినా తినాలని ఇంట్లో అందరూ అంటున్నారు. ఆ రోజు తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. ఫ్రెండ్‌కు ఒంట్లో బాగాలేదని చెప్పి నాలుగు రోజులు హాస్టల్‌కు వెళ్లిపొమ్మని అమ్మ అంటోంది. వెళ్లనా?

జవాబు: వెళ్లకండమ్మా. ముఖ్యంగా ఆ అబద్ధం చెప్పి అసలు వెళ్లకండి. మీ ఇంట్లో నెలల తరబడి ఉన్న అమ్మాయి సరిగ్గా సంక్రాంతి ముందు బట్టలు సర్దుకుంటే మీ అమ్మగారు ఏమనుకుంటారు? ఏ కారణం చెప్పినా, మన ఇల్లు ఆ పిల్లకు నచ్చలేదనే కదా. ఖాల్తీకీ అంతే.

మీ బాధ చిన్నదని అనడం లేదు. రోజూ చేత్తో మేత పెట్టిన ప్రాణం అది. ఏడుపొస్తే ఏడవండి. కానీ మీరు చూడలేనిది ఓ గంటసేపు జరిగే పని, పండగ మొత్తం కాదు. 2025లో కరువుకు మందలు తగ్గిపోయాయని, ఆ ఏడు బలి ఇవ్వొద్దని రాజు ఆరవ మహమ్మదే ప్రజలను కోరారు. నమాజు, చుట్టాల రాకపోకలు అప్పుడూ ఉన్నాయి. బలి ఒక్కటే పండగ కాదని అక్కడి వాళ్లకూ తెలుసు.

పొద్దున్నే ఈద్ నమాజు అవుతుంది. రాజుగారు బలి ఇవ్వడం టీవీలో చూశాకే చాలా ఇళ్లలో గొర్రెను కోస్తారు. కాబట్టి ఆ వేళ మీకు ముందే తెలుస్తుంది. గదిలో తలుపు వేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చోండి. అలా బయట తిరిగొద్దామని మాత్రం అనుకోకండి. వీధిలోనూ అదే పని, కుర్రాళ్లు మంటలు వేసి తలలు కాలుస్తుంటారు. గదే నయం.

అసలు చిక్కు తిండి దగ్గర. మాంసం తిననంటే ముక్కలు తీసేసి కూరగాయలు వడ్డిస్తారు. అందులో మోసమేమీ లేదు, అది వాళ్ల మర్యాద. కానీ కుస్‌కుస్, అంటే ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ, దాని మీద పోసే పులుసు మాంసంతో ఉడికినదే, మూత పెట్టిన మట్టిపాత్రలో వండే తజీన్‌లో కూరగాయలూ చాలాసార్లు అంతే. పైగా మొదటి రోజు కాలేయాన్ని కొవ్వులో చుట్టి నిప్పుల మీద కాల్చి బుల్‌ఫాఫ్ అని పెడతారు. చుట్టాలందరి ముందు ప్రేమగా చేతికిస్తే అప్పటికప్పుడు కాదనడం చాలా కష్టం. అందుకే ఈ రోజే, ఖాల్తీ వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు చెప్పండి. "మా కనాకుల్‌ష్ ల్‌హమ్", మాంసం తినను అని. ఆ పులుసు కూడా తినలేనని, మీ ఇంట్లో తరతరాలుగా ఇంతేనని, ఆవిడ వంట నచ్చక కాదని విడమరిచి చెప్పండి. ఒకసారి ఆవిడకు అర్థమైతే చుట్టాలకు ఆవిడే సర్దిచెబుతారు.

ఒక మాట గట్టిగా చెబుతాను, ఏమనుకోకండి. తినకపోవడం వేరు, మైల అనుకోవడం వేరు. మన శాకాహారుల ఇళ్లలో ఈ రెండూ కలిపేసి పిల్లల్ని పెంచుతారు. మీరు తినకపోతే ఖాల్తీ మర్చిపోతారు. ఆవిడ కడిగిన గిన్నె చూసి ముక్కు చిట్లిస్తే మర్చిపోలేరు. అందరితో కలిసి అదే బల్ల దగ్గర కూర్చుని, మీ పళ్లెంలో రొట్టె, గుడ్డు తింటే గుడ్డు, తేనె వేసిన మ్సెమ్మెన్ అనే పొరల రొట్టె తినండి. వచ్చినవాళ్లకు పుదీనా టీ మీరే అందించండి. పండగకు కొట్లు కొన్ని రోజులు మూసేస్తారు కాబట్టి పళ్లు, కూరగాయలు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. ఇంట్లో ఇవ్వడానికి మంచి స్వీట్ల పెట్టె కూడా.

బాబు మనసులో ఏముందో మీరు రాయలేదు గానీ, వాడికీ బెంగ ఉండొచ్చు. కొడుకుకు బదులు దేవుడు పొట్టేలును పంపాడన్న ఇబ్రహీం ప్రవక్త కథ వాడు వినే ఉంటాడు. అయినా మేత పెట్టిన చెయ్యి కదా. "పాపం, ఎందుకు చంపారు" అని వాడి దగ్గర అనకండి. వాడు దిగులుగా ఉంటే పక్కన కూర్చోండి, చాలు.

ఇక అమ్మ. ఆవిడ టెన్షన్ అంతా ఆ ఇల్లు ఎలాంటిదో తెలియకే. పండగ రోజు సాయంత్రం వీడియో కాల్ చేసి ఖాల్తీని, బాబును చూపించండి.