కణితి ఆగుతుందన్నారు, మీ అప్పే ఆగేలా లేదు

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 72 వేలు వస్తుంది. నా భార్యకు ఎడమ చెవిలో హోరు, వినికిడి తగ్గడంతో ఎంఆర్‌ఐ తీయిస్తే అకౌస్టిక్ న్యూరోమా, అంటే చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం మీద కణితి అని తేలింది. 1.6 సెంటీమీటర్లు ఉంది, క్యాన్సర్ కాదు. ఆరు నెలలు ఆగి మళ్లీ స్కాన్ చేసి చూడొచ్చు, కోత లేకుండా రేడియేషన్‌తో చేసే గామా నైఫ్ చేయించొచ్చు, లేదంటే ఆపరేషన్ అన్నారు. ఆపరేషన్‌కు 8 లక్షలు అంచనా ఇచ్చారు. కంపెనీ ఇన్సూరెన్స్ 3 లక్షలే. సొంత పాలసీ రెండేళ్ల కిందట ఆపేశాను. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు ఇస్తానంటున్నారు. వచ్చే నెల వేరే కంపెనీకి మారుతున్నాను. అప్పు తీసుకోమంటారా?

జవాబు: వద్దు. 6 లక్షలకు రెండు రూపాయల లెక్కన నెలకు 12 వేలు వడ్డీకే పోతుంది. మీ జీతంలో ఆరో వంతు. అసలు అలాగే ఉంటుంది. ఈ కణితి సాధారణంగా ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున నిదానంగా పెరుగుతుంది కాబట్టే ఆగి చూడొచ్చన్నారు. డాక్టర్లే తొందరపడని చోట మీకెందుకండీ ఈ తొందర?

ఏ దారి మంచిదో న్యూరోసర్జన్, ఈఎన్‌టీ సర్జన్ కలిసి చెప్పాలి, నేను కాదు. నేను చెప్పేది ఇన్సూరెన్స్ గురించి. కంపెనీది ఉంది కదా, ప్రీమియం దండగ అని సొంత పాలసీ ఆపేసేవాళ్లు నా దగ్గరికి వారానికొకరైనా వస్తారు. ఆ పాలసీ నడుస్తూ ఉంటే ఈ రోజు ఈ ఉత్తరమే ఉండేది కాదు. ఇప్పుడు కొత్తది తీసుకున్నా, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా దానికి క్లెయిమ్ ఇవ్వరు. జబ్బు సంగతి చెప్పకుండా తీసుకోండి అనే ఏజెంట్ ఎవరైనా తగిలితే, దండం పెట్టి పంపించండి. క్లెయిమ్ తిరస్కరించినప్పుడు ఆయన మీ ఫోన్ ఎత్తరు.

కాబట్టి మీ చేతిలో ఉన్నది కంపెనీ కవరే. దాన్ని పూర్తిగా చదవండి. గామా నైఫ్ లాంటి స్టీరియోటాక్టిక్ రేడియో సర్జరీని, ఆపరేషన్‌లో ముఖనరం దెబ్బతినకుండా కనిపెట్టే న్యూరో మానిటరింగ్‌ని ఆధునిక చికిత్సల జాబితాలో పెట్టి కవర్ చేయమని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. కానీ వాటికి సబ్ లిమిట్, అంటే ఇంతకు మించి ఇవ్వమనే విడి పరిమితి పెట్టుకోవచ్చు. రూమ్ రెంట్ పరిమితి కూడా చూడండి. రోజుకు 3 వేలే ఇస్తామన్న పాలసీలో 6 వేల గది తీసుకుంటే, గది అద్దె ఒక్కటే కాదు, సర్జన్ ఫీజు లాంటివి కూడా ఆ దామాషాలోనే కోసేస్తారు. చాలామంది డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర నిలబడ్డాకే ఈ సంగతి తెలుసుకుంటారు.

ఇక ఉద్యోగం. కొత్త కంపెనీ గ్రూప్ పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉందా, భార్య పేరు ఏ తేదీ నుంచి చేరుతుంది, కవర్ ఎంత, డబ్బు కట్టి టాప్‌అప్ (అదనపు కవర్) తీసుకునే వీలుందా అన్నవి హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో రాయించుకోండి. ఆ మెయిల్ రాకుండా రాజీనామా ఇవ్వొద్దు. రెండు ఉద్యోగాల మధ్య పది రోజుల ఖాళీ ఉంటే ఆ పది రోజులూ మీకు ఏ కవరూ ఉండదు. పాత కంపెనీ గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలు కూడా ఉంటుంది, వెయిటింగ్‌లో గడిచిన కాలం కలిసొస్తుంది. ఒప్పుకుంటారో లేదో వాళ్లిష్టం, అయినా దరఖాస్తు పెట్టండి. ఇది ఉద్యోగంలో ఉండగానే చేయాల్సిన పని.

పీఎఫ్‌లో ఆపరేషన్‌కు అడ్వాన్స్ దొరుకుతుంది, తిరిగి కట్టక్కర్లేదు. తప్పనిసరైతే బ్యాంకులో గోల్డ్ లోన్, అదీ చివరికి.

ఆపరేషన్ జరిగినా ఏటా ఎంఆర్‌ఐలు, అవసరమైతే ముఖానికి ఫిజియోథెరపీ, వినికిడి యంత్రం ఉంటాయి. లోపలి చెవి గుండా చేసే పద్ధతిలో ఆ వైపు వినికిడి పూర్తిగా పోతుంది, అది ముందే అడిగి తెలుసుకోండి. ఇవన్నీ ఎక్కువగా జేబులోంచే పెట్టాలి. వడ్డీకి పోయేదనుకున్న ఆ 12 వేలు ఈ నెల నుంచే విడిగా ఒక ఖాతాలో వేయండి. వచ్చే స్కాన్ నాటికి 72 వేలు ఉంటాయి.