ఒకే వాసనకు మెదడులో ఎప్పుడూ అవే కణాలు స్పందిస్తాయా?

లేదు. కనీసం ఎలుకల్లో అలా జరగదు. నాంపల్లిలో ఇరానీ చాయ్ వాసన ఏడాది తర్వాత కూడా మనకు అదే అనిపిస్తుంది కాబట్టి ఇది నమ్మబుద్ధి కాదు.

ముక్కు వైపు లెక్క స్థిరమే. ఒకే రకం గ్రాహకం (వాసన అణువును పట్టే ప్రొటీన్) ఉన్న కణాల తీగలన్నీ, మెదడులో వాసన కబురు ముందుగా అందుకునే ఆల్ఫాక్టరీ బల్బ్‌లో తమకంటూ ఉన్న ఒకటి రెండు చోట్లకే చేరతాయి. పాత కణం చచ్చి కొత్తది పుట్టినా చిరునామా మారదు. చిక్కంతా తర్వాతి మజిలీలో, అంటే వాసనను గుర్తించే మెదడు భాగమైన పిరిఫార్మ్ కార్టెక్స్‌లో. 2021లో కొలంబియా యూనివర్సిటీలో శాస్త్రవేత్త రిచర్డ్ ఆక్సెల్, సహచరులు ఎలుకల్లో అక్కడి కణాల స్పందనలను ఎలక్ట్రోడ్‌లతో వారాల తరబడి రికార్డ్ చేశారు. మొదటి రోజు స్పందనలతో తయారుచేసిన డీకోడర్ (కణాల స్పందన చూసి ఏ వాసనో చెప్పే ప్రోగ్రామ్), 32 రోజులకు దాదాపు గుడ్డిగా ఊహించే స్థాయికి దిగజారింది. ఎలక్ట్రోడ్ పక్కకు జరిగిందేమో అనే అనుమానం ఎవరికైనా వస్తుంది; అందుకే స్పైక్ (కణం పంపే విద్యుత్ సంకేతం) ఆకారం చూసి అదే కణమని నిర్ధారించుకోవాలి.

రోజూ అదే వాసన చూపిస్తే మార్పు నెమ్మదించింది, ఆపేస్తే మళ్లీ వేగం పుంజుకుంది. వాసనకు షాక్‌తో భయం జతచేసినా స్పందనలు కుదురుకోలేదు, అసలు ఆశ్చర్యం అదే. అంటే వాసనకు శాశ్వత గుర్తు పిరిఫార్మ్‌లోనే ఉంటుందన్న పాత నమ్మకాన్ని మళ్లీ పరీక్షించాల్సిందే.