నాన్న బండికి ముందు కాగితాలు, తర్వాతే రంగులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. జీతం 27,000. ఇంట్లో అమ్మ, భార్య, రెండేళ్ల పాప. ఇంటి ఖర్చు 19,000. నెలకు 5,000 చొప్పున 20 నెలల చిట్టీలో ఎనిమిది వాయిదాలు కట్టాను. బ్యాంకులో 15,000 ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ మీద లస్కరుగా చేసిన మా నాన్న 1992లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 ఆయన పోయినప్పటి నుంచి రేకుల షెడ్డులో పడి ఉంది. దాన్ని ఇంట్లోనే విప్పి, బాగుచేసి, నాకు నచ్చినట్టు మార్చుకోవాలని కోరిక. 85,000 అవుతుంది. ఇంజనుకు 22,000, టైర్లు, బ్రేకులు, వైరింగుకు 14,000, రంగుకు, క్రోముకు 24,000, కొత్త హ్యాండిల్, సైలెన్సర్, చక్రాల వంటి మార్పులకు 25,000. చిట్టీ పాడమంటారా, బ్యాంకులో పర్సనల్ లోను తీసుకోమంటారా? ఆర్‌సీ గడువు 2017లో తీరింది, అది తర్వాత చూసుకుంటాను.

జవాబు: చిట్టీ పాడవద్దు, లోనూ వద్దు. అలాగని బండి వద్దని నేను అనను. మా పెదనాన్న స్కూటరు అమ్మేసిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. ఇలాంటి వస్తువుకు లాభనష్టాల లెక్క వేయడం నాకూ ఇష్టం లేదు. కానీ మీరు తర్వాత చూసుకుంటానన్న ఆ చివరి వాక్యం దగ్గరే మీ డబ్బుకు అసలు చిల్లు ఉంది.

సొంత వాహనం రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. మీ నాన్నగారు 2007లోనూ 2012లోనూ ఆ పని చేయించి ఉంటారు, అందుకే గడువు 2017 దాకా వచ్చింది. కేంద్ర నిబంధనల ప్రకారం ద్విచక్ర వాహనానికి ఆలస్యమైన ప్రతి నెలకూ 300 రూపాయల అదనపు రుసుము ఉంది. ఏడాదికి 3,600. ఎనిమిదేళ్లకే 28,800. అంటే మీ ఇంజను పని కన్నా ఎక్కువ. దీనికి తోడు 20 ఏళ్లు దాటిన మోటారు సైకిలు పునరుద్ధరణ రుసుమును 2025 ఆగస్టులో 2,000 చేశారు. పాత బండ్లకు హరిత పన్ను ఎలాగూ ఉంటుంది. మీ 85,000లో వీటిలో ఏ ఒక్కటీ లేదు.

ఇంకో చిక్కు, బండి ఇప్పటికీ మీ నాన్నగారి పేరు మీదే ఉంది. వారసుడి పేరుకు మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. అమ్మగారి సమ్మతి, తోబుట్టువులుంటే వారి సమ్మతి కూడా ఇప్పుడే రాయించుకోండి. బండి తుప్పు పట్టి ఉన్నప్పుడు అందరూ సంతోషంగా సంతకం పెడతారు. అది మెరిసిపోతూ, లక్ష పలుకుతుందని నలుగురూ అన్నాక అదే సంతకానికి నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు. అతిశయోక్తి అనుకోకండి, ఇలాంటి తగువులు చూశాను.

కాబట్టి స్పానర్ పట్టుకునే ముందు ఒక రోజు సెలవు పెట్టి రవాణా కార్యాలయానికి వెళ్లండి. ఏపీ 24తో మొదలయ్యే మీ బండి పాత నంబరు వివరాలు వారి రికార్డులో ఉన్నాయా, ఎప్పటిదో ఫైనాన్సు బాకీ ఇంకా తొలగించకుండా ఉందా, మొత్తం ఎంత కట్టాలి అన్నవి అడిగి రాసుకోండి. ఆ జవాబులు వచ్చేదాకా ఒక్క సామానూ కొనవద్దు.

ఇప్పుడు మీరడిగిన చిట్టీ. ఈ నెల 20,000 తగ్గించి పాడితే చేతికి 80,000 వస్తుంది. పాడకుండా చివరి దాకా ఆగితే, నిర్వాహకుడి కమీషను అయిదు శాతం పోను 95,000 వస్తుంది. రెండు దారుల్లోనూ మీరు కట్టే వాయిదాలు అవే. అంటే ఏడాది ముందు తీసుకున్నందుకు 15,000 వదులుకుంటున్నారు. మన వడ్డీ భాషలో నూటికి నెలకు రూపాయిన్నర పైమాటే. లోను సంగతీ అంతే. కాగితాల ఖర్చూ కలిపి లక్ష తీసుకుంటే, 15 శాతం వడ్డీ అనుకున్నా మూడేళ్లు నెలకు దాదాపు 3,470 కట్టాలి, మొత్తం 1,25,000కు చేరువవుతుంది. మీకు నెలకు మిగిలేదే 3,000.

తమాషా ఏమిటంటే, ఇక్కడ కాస్త ఆలస్యమే చవక. ఆర్‌సీ జాప్యానికి నెలకు 300 అంటే సుమారు 30,000 బాకీ మీద నూటికి రూపాయి. చిట్టీ పాట కన్నా తక్కువ. పైగా పునరుద్ధరణకు బండిని అధికారికి చూపించాలి (మన పెద్దలు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనేవారే, ఆయనకు). నడవని బండిని చూపించి లాభం లేదు. అందుకని ముందు దాన్ని నడిచే స్థితికి తేవాలి.

ఈ 3,000తోనే మొదలుపెట్టండి. ఏడాదికి 36,000. ఇంజను, టైర్లు, బ్రేకులు, వైరింగు కలిపి మీరు వేసిన లెక్కా అంతే. విప్పడానికి, కడగడానికి, చూసి రాసుకోవడానికి ఖర్చు లేదు, ఆదివారాలు చాలు. ఇంజను సిలిండరుకు బోరు కొట్టించే పని మాత్రం లేత్ దగ్గరికి పంపండి, పిస్టన్ ముందు కొని చేతికిచ్చి, దాని కొలతకే బోరు చేయించండి. పాత సామాను కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒకేసారి జాబితాతో వెళ్లండి, రెండు వందలకు దొరికే రబ్బరు ముక్క కోసం మళ్లీ బస్సెక్కితే అది అయిదు వందలవుతుంది. పాపకు జ్వరం వచ్చిన నెల బండి పని ఆపేయండి. సొంత డబ్బుతో చేసే పనిలో ఉన్న సుఖం అదే.

ఏడాది తర్వాత చిట్టీ 95,000 వస్తుంది. అందులో 42,000 బ్యాంకులోని 15,000తో కలపండి, మూడు నెలల ఇంటి ఖర్చు అవుతుంది. ఇది ముందు, బండి తర్వాత. దాదాపు 36,000 కాగితాలకు పోతుంది. అప్పటికి ఆలస్య రుసుమే 32,400కు చేరుతుంది మరి. మిగిలే 17,000 రంగుకు. 24,000 రంగు 17,000లో ఎలా అంటారా? క్రోము కొంత తగ్గించండి, పాత భాగాలు తోమితే చాలావరకు వెలుగుతాయి.

ఆ 25,000 మార్పులను మాత్రం కొట్టేయండి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 182-ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, జైలు కూడా రాసి ఉంది. మోత పుట్టించే సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించడం మీరూ చూసే ఉంటారు. సీటు కుట్టించుకోండి, ట్యాంకు మీద గీతలు వేయించుకోండి. అసలు రంగే మార్చాలంటే ఆర్‌సీలో రాయించుకోండి.

థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 98 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. కానీ ఈ బీమా ఒక్కటే ఉంటే బండి దొంగల పాలైనప్పుడు మీకు పైసా రాదు. కాబట్టి ఈ 85,000ను పెట్టుబడి అనుకోకండి. మంచి తాళం కొనండి.

ఒకవేళ రికార్డు దొరకకపోతే? బండిని రోడ్డెక్కించే ఆలోచన వదిలి, షెడ్డులోనే బాగుచేసి, దసరాకు ఆయుధపూజ రోజు ఒకసారి స్టార్ట్ చేసి వినండి. అప్పుడు ఆర్‌సీ ఖర్చు ఉండదు, రంగు ఇంకా బాగా వేయించుకోవచ్చు. నాకైతే అదీ చెడ్డ దారి కాదు.

ఈ ఆదివారం ఒక్క పని చేయండి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు తుడిచి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. అక్కడ గ్రైండరు గానీ ఇసుక కాగితం గానీ పెట్టకండి. ఆ అంకెలు చెరిగితే మీ నాన్నగారి బండేనని ఎవరికీ రుజువు చేయలేరు.