సకినాలు పేపర్ కవర్లో అమ్మితే పర్యావరణానికి మేలేనా?

హన్మకొండలో ఇంటి దగ్గరే సకినాలు, గారెలు, మురుకులు చేసి అమ్మడం మొదలుపెడుతున్నామనీ, ప్లాస్టిక్ జోలికే వెళ్లకూడదని అనుకుంటున్నామనీ రాశారు. బ్రౌన్ పేపర్ కవర్, మక్కపిండి కవర్, గాజు సీసా, ఈ మూడింట్లో ఏది తక్కువ నష్టం చేస్తుందన్నది మీ ప్రశ్న. దీనివల్ల ధర పెంచాల్సి వస్తుందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. మీరు రాసిన మూడూ సకినాలకు సరిపోవు. ఊళ్లో అమ్మేదానికి స్టీలు డబ్బా, బయటి ఊళ్లకు పంపేదానికి ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన సాదా కవర్ వాడమని నా సలహా. ప్లాస్టిక్ మాట వినగానే చిరాకు పడకండి, ఎందుకో చెప్తాను.

నేను వరంగల్‌లో పిండివంటల వ్యాపారంలోనే ఉన్నాను. మా బావమరిదిది పాతసామాన్ల దుకాణం. కవర్ ఎట్లా పుడుతుందో పుస్తకాల్లో చదువుకోవచ్చు. వాడి పారేశాక దాని గతి ఏమవుతుందో తెలియాలంటే మాత్రం అలాంటి దుకాణంలో ఒక సాయంత్రం కూర్చోవాలి.

ముందు లోపలున్న తిండి సంగతి చూద్దాం. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి పిండి పట్టించి, నువ్వులు, ఓమ కలిపి, తెల్లబట్ట మీద చుట్టు తర్వాత చుట్టు తిప్పి, ఆరాక నూనెలో వేయించడం ఎంత పనో మీకు చెప్పక్కర్లేదు. పర్యావరణం లెక్కలో ఆ పని ఇంకా వెనక నుంచి మొదలవుతుంది. నీళ్లు నిలిచిన వరి మడిలోంచి మీథేన్ వస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. దానికి యూరియా, బోరు మోటారు కరెంటు, రైస్ మిల్లు, గిర్నీ, నూనె, గ్యాస్ తోడవుతాయి. ఇవన్నీ అయ్యాక చివర్లో నాలుగైదు గ్రాముల కవర్ వచ్చి చేరుతుంది. పూర్, నెమెచెక్ అనే ఇద్దరు పరిశోధకులు 2018లో ‘సైన్స్’ పత్రికలో వేసిన లెక్క ప్రకారం, ప్రపంచం మొత్తం మీద తిండి వల్ల వెలువడే వేడి వాయువుల్లో ప్యాకింగ్ వాటా సుమారు 5 శాతమే. మరోపక్క, 2022లో దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు కలిపి 105 కోట్ల టన్నుల తిండి పారేశాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెప్పింది. అంటే కవర్ మిగిల్చుకుందామని పోయి కిలో సకినాలు మెత్తబడి పారబోస్తే, మేలు కన్నా కీడే ఎక్కువ.

మంచినీళ్ల సీసాలు, కూల్‌డ్రింకుల విషయంలో మాత్రం ఈ లెక్క తలకిందులు. అక్కడ లోపలి సరుకు వల్ల నష్టం తక్కువ, సీసాదే ఎక్కువ. కాబట్టి 5 శాతమే కదా అని అన్నిటికీ ఒకే మాట చెప్పేవాళ్లను నమ్మకండి.

వేయించిన పిండివంటకు శత్రువులు మూడు: తేమ, గాలి, వెలుతురు. తేమ తగిలితే మెత్తబడుతుంది. గాలి, వెలుతురు తగిలితే నూనె పాడై పాత వాసన వస్తుంది. మామూలు బ్రౌన్ పేపర్ ఈ మూడింట్లో వెలుతురును మాత్రం కొంత ఆపుతుంది. మా దగ్గర ఒక టీచరమ్మ పేపర్ కవరే కావాలని పట్టుబట్టి కట్టించుకున్నారు. వానాకాలం. వారం తిరక్కుండానే కవర్ కింద నూనె మరక అరచేయంత అయింది, సకినం విరిస్తే చప్పుడే లేదు. ఆవిడే ఫోన్ చేసి, ‘ఇంకోసారి నా డబ్బా నేనే తెచ్చుకుంటానండీ’ అన్నారు. ఇప్పుడు తెస్తున్నారు కూడా.

నూనె ఓర్చే పేపర్ కవర్లు మార్కెట్లో ఉన్నాయి కదా అంటారు. వాటిలో చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది. ఒక మూల చింపి చూడండి, కాగితం చినిగినా ఆ పొర సాగుతుంది. టీ తాగే పేపర్ కప్పులూ అంతే. వేడి ద్రవం పావుగంట ఉంచితే ఒక్క కప్పు లోంచి 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు ఊడివస్తున్నాయని ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో చూపించారు. ఇలా కాగితం, ప్లాస్టిక్ కలిసిపోయిన సరుకును పాతసామాన్ల దుకాణంలో పేపర్ గోనెలో వేయనివ్వరు, ప్లాస్టిక్ గోనెలోనూ వేయనివ్వరు.

పోనీ పొర లేని కాగితమే అనుకున్నా, అది పుణ్యానికి రాదు. మన కాగజ్‌నగర్, సారపాక మిల్లుల వైపు వెళ్లే లారీల్లో సుబాబుల్, జామాయిల్ దుంగలు చూసే ఉంటారు. ఆ కట్టెను రసాయనాల్లో ఉడికించి గుజ్జు చేయాలి, నీళ్లతో కడగాలి, ఆవిరితో ఆరబెట్టాలి. అంతే సరుకు పట్టే సంచికి ప్లాస్టిక్ కంటే కాగితం బరువు కూడా ఎక్కువ పడుతుంది. కాగితం గొప్పతనం చివర్లో తెలుస్తుంది: మోరీలో పడ్డా నాని కుళ్లిపోతుంది, ఆవు తిన్నా ప్రాణం మీదికి రాదు. ఆ గుణం చిన్నది కాదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో మన కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు మోరీల మూతలు లేపితే కవర్లు ఉండలుగా ఎట్లా బయటపడ్డాయో చూసినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే పొర లేని కాగితాన్ని అప్పటికప్పుడు తినేవాటికి వాడండి. వేడి గారెలు, మిర్చి బజ్జీలు పెట్టడానికి బాగుంటుంది. న్యూస్ పేపర్ మాత్రం వద్దు. సిరా తిండికి అంటుతుందని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎప్పటి నుంచో వద్దంటోంది, మన బజ్జీ బండ్లు ఎప్పటి నుంచో వినట్లేదు.

గాజు సీసా పచ్చళ్లకు రాజు. సకినాలకు ఎందుకండీ? గాజును కరిగించడానికి కొలిమిలో 1,500 డిగ్రీల దాకా వేడి కావాలి. అరకిలో తిండికి దాదాపు అంత బరువున్న సీసాను బస్సులో మోయించాలి. దారిలో పగిలితే సరుకూ పోతుంది. పాత గోలీ సోడా సీసాలా అదే దుకాణానికి మళ్లీ మళ్లీ వచ్చి నిండితేనే గాజుకు న్యాయం జరుగుతుంది. ఒకసారి వాడి పారేసే గాజు కంటే పల్చటి ప్లాస్టిక్ కవరే తక్కువ నష్టం.

మక్కపిండి కవర్ల మీద నాకు అంత నమ్మకం లేదు. ‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్నవి చాలావరకు 58 డిగ్రీల చుట్టూ వేడి నిలకడగా ఉండే పెద్ద కంపోస్ట్ ప్లాంటులో కుళ్లేలా పరీక్షించినవి. మీ పెరట్లోని ఎరువు గుంతలో, ఇంకా మాట్లాడితే డంప్ యార్డులో, ఆ వేడి దొరకదు. చూడ్డానికి ప్లాస్టిక్‌లాగే ఉంటాయి కాబట్టి పొరపాటున మామూలు కవర్లలో కలిస్తే ఆ సరుకునూ చెడగొడతాయి. కొనాలనే ఉంటే కవర్ మీద ఐఎస్ 17088, అంటే కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు మన దేశ ప్రమాణం గుర్తు, ఉందో లేదో చూడండి. ఆ గుర్తు లేకుండా ఉత్త ఆకుపచ్చ రంగు, ఆకు బొమ్మ వేసి అమ్మేవాళ్లు బోలెడుమంది.

ఇప్పుడు ప్లాస్టిక్. మా బావమరిది దుకాణంలో సంచులు గుమ్మరించగానే ఆడవాళ్లు కూర్చుని వేరు చేస్తుంటారు. వాళ్లకు అంకెలూ పేర్లూ అక్కర్లేదు. కవర్‌ను పిడికిట్లో నలిపి వదిలేస్తారు. గరగరమని చప్పుడు చేస్తూ అద్దంలా మెరిసేది ఒక గుట్ట, మెత్తగా సాగేది ఇంకో గుట్ట, నీళ్ల సీసాలు వేరే. పాల ప్యాకెట్లు కడిగి తెస్తే సంతోషంగా తీసుకుంటారు, పాల వాసన కొడితే మొహం తిప్పుకుంటారు. లోపల వెండి రంగు ఉన్న చిప్స్ ప్యాకెట్లు, మసాలా పొట్లాలు మాత్రం చేతికి తగలగానే పక్కకు విసిరేస్తారు. వాటిలో రెండు మూడు రకాల ప్లాస్టిక్, మధ్యలో కంటికి ఆనని అల్యూమినియం పూత అతికి ఉంటాయి. విడదీయడం అక్కడ ఎవరివల్లా కాదు. వాటికి దొరికే మంచి గతి ఏదైనా ఉందంటే సిమెంట్ బట్టీలో బొగ్గుతో పాటు కాలడమే. అక్కడిదాకా చేరనివి డంప్ యార్డుకో, మోరీకో, వాకిట్లో చెత్త మంటకో పోతాయి. మూడింట్లో మంట మరీ చెడ్డది, ఆ పొగ నేరుగా మన ఇళ్లలోకే వస్తుంది.

అందుకే ఒకే రకం ప్లాస్టిక్ అన్నాను. కవర్ మీద త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. తేమను బాగా ఆపుతుంది, గాలిని అంతగా ఆపదు. రెండు మూడు వారాల్లో తినేసే సకినాలకు అది చాలు. 7 అంకె ఉంటే సాధారణంగా కలగాపులగం సరుకే. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవి నెలల తరబడి నిలవాలి కాబట్టి ఆ వెండి పూత కవర్ వాడటంలో తప్పు లేదు, అక్కడ అది తిండిని నిజంగా కాపాడుతుంది. హన్మకొండ నుంచి కాజీపేటకు పోయే సరుక్కి అదెందుకు? అందంగా కనబడుతుందని తప్ప ఇంకో కారణం నాకైతే కనబడలేదు.

కవర్ మీద పెద్ద పేపర్ స్టిక్కర్ అతికించకండి, జిగురు వల్ల గుట్టలో ధర పడిపోతుంది. వివరాలన్నీ పట్టేంత చిన్న లేబుల్ చాలు. పావుకిలో పొట్లాలు నాలుగు కట్టే బదులు కిలో పొట్లం ఒకటి కడితే కవర్ బాగా తగ్గుతుంది. స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చటి ఫిల్మ్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం, తెలియక కొనేరు.

సకినాలు విరగకుండా కార్గోలో పంపడానికి అట్టపెట్టె తప్పదు. కిరాణా దుకాణంలో ఖాళీ అయినవి అడగండి, ఊరికే ఇస్తారు. అట్టపెట్టెను కొననని చెప్పే పాతసామాన్ల దుకాణం ఉండదు. ఖాళీల్లో బబుల్ కవర్ బదులు నలిపిన కాగితం కుక్కండి, తిండి ఎలాగూ కవర్లోనే ఉంటుంది కాబట్టి ఇక్కడ పాత పేపరైనా పర్లేదు.

చేతి సంచి గురించి మీరు అడగలేదు గానీ, బట్టసంచి అని చెప్పి అమ్మే నాన్ వోవెన్ సంచులు బట్ట కావు, అవీ పాలీప్రొపిలీనే. నిజమైన నూలు సంచికీ వెనక కథ ఉంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్కలో, వాతావరణ వేడి వరకే చూస్తే, ఒక్కసారి వాడే పల్చటి కవర్‌తో సమానం కావాలంటే కొత్త నూలు సంచిని 131 సార్లు వాడాలి. పత్తికి పోసే మందులు మన రైతులకు తెలియనివా? కాబట్టి పేరు అచ్చు వేయించిన కొత్త సంచులు పంచిపెట్టకండి. పాత చీరలతో టైలరుతో కుట్టించండి, ఆ పత్తి ఖర్చు ఎప్పుడో అయిపోయింది.

రుచి చూపించడానికి మోదుగాకు దొప్పలు వాడండి. ములుగు వైపు నుంచి వస్తాయి, పుల్లలతో కుట్టినవి. విస్తరాకుల దుకాణంలో ఆకు బొమ్మ అచ్చేసిన పేపర్ ప్లేట్లు అంటగడతారు, వాటి మీదా ప్లాస్టిక్ పొరే. మేడారం జాతర అయిపోయిన మర్నాడు ఆ అడవి చూస్తే ఏది మట్టిలో కలుస్తుందో, ఏది కలవదో ఇట్టే తెలిసిపోతుంది.

ఇక ధర. పాలీప్రొపిలీన్ కవర్ వెండి పూత కవర్ కంటే చవక, అక్కడ మీకు మిగులే. స్టీలు డబ్బాకు మాత్రం ముందు పెట్టుబడి కావాలి. ఉక్కు తయారీ కూడా తేలిక పని కాదు కాబట్టి డబ్బా ఎన్నిసార్లు తిరిగొస్తే అంత లాభం. మేం డబ్బా ఖరీదంతా అడ్వాన్సుగా తీసుకుంటాం, తిరిగిచ్చినప్పుడు మొత్తం ఇచ్చేస్తాం. సగం ఖరీదే తీసుకుంటే డబ్బాలు జనం వంటింట్లో పప్పులు పోసుకోవడానికి ఉండిపోతాయి. సొంత డబ్బా తెచ్చేవాళ్లకు కొంచెం తగ్గించి ఇవ్వండి, సంక్రాంతి రష్‌లో మీకు కట్టే పని కూడా తప్పుతుంది. కవర్లో వేసినా డబ్బాలో వేసినా సకినాలు పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి. గోరువెచ్చగా ఉన్నప్పుడు సీల్ చేస్తే లోపల ఆవిరి పట్టి, ఎంత మంచి కవరైనా వాటిని కాపాడలేదు.