కథల్లో పిల్లాడి రోబో అలుగుతుంది కదా, నిజమైన రోబోలు కూడా అలుగుతాయా?

అలిగినట్టు కనిపించగలవు గానీ, నిజంగా అలగలేవు. కథలో పిల్లాడు విసుక్కుంటే రోబో మూతి ముడుచుకుని మూలన కూర్చుంటుంది. నిజమైన రోబోలో జరిగేది మాత్రం వట్టి లెక్క. మైకు, కెమెరా నుంచి వచ్చిన సంకేతాలను ప్రోగ్రామ్ కొలిచి, దానికి తగ్గ ముఖకవళికను మోటార్లతో చూపిస్తుంది. 1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో సింథియా బ్రెజీల్ తయారుచేసిన రోబో కిస్మెట్‌నే చూడండి. గట్టిగా గద్దిస్తే ముఖం దిగాలుగా పెట్టేసేది. చూస్తే ఎవరికైనా పాపం అనిపిస్తుంది! నిజానికి దానికి మాటల అర్థమే తెలియదు, గొంతులోని హెచ్చుతగ్గులనే పట్టుకునేది.

ముఖం దిగాలుగా ఉంది కాబట్టి లోపల బాధ కూడా ఉంటుందనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. అలాగే, మనం చెప్పిన పనిని రోబో తలకిందులుగా చేస్తే అది కొంటెతనం కాదు. సెన్సర్ తప్పుగా చదివి ఉంటుంది, లేదా మనం ఇచ్చిన ఆదేశమే అస్పష్టంగా ఉండి ఉంటుంది.