కొత్త రైఫిల్‌తో మొదటిసారి రేంజ్‌కు వెళ్లిన రోజు నాకు జరిగింది ఇదీ

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డల్లాస్ దగ్గర ఉంటున్నారు, గ్రీన్ కార్డు వచ్చాక రుగర్ 10/22 రైఫిల్ కొన్నారు, శనివారం మొదటిసారి రేంజ్‌కు, అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి, వెళ్తున్నారు. ఏమి తీసుకెళ్లాలి, ఏ తూటాలు కొనాలి, హెచ్1బీ మీద ఉన్న మీ రూమ్మేటు కూడా వచ్చి నాలుగు తూటాలు కాల్చవచ్చా అని అడిగారు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవాటిలో తప్పు చేస్తే పోయేది తూటాలే. రూమ్మేటును ఇంట్లోనే ఉండమనండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. 'కొనలేదు కదా, రేంజ్‌లో కాసేపు పట్టుకున్నాను అంతే' అన్నా ఒప్పుకోరు. చేతికిచ్చిన మీరూ ఇరుక్కుంటారు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మీ స్నేహితుడికి అంత సరదా ఉంటే ముందు ఆ లైసెన్సు సంగతి, ఇమిగ్రేషన్ లాయరు సంగతి చూసుకోమనండి. అయిదు నిమిషాల ఫొటో కోసం వీసాకే ఎసరు తెచ్చుకోవడం ఎందుకు?

ఇక రైఫిల్ విషయం. మంచి పని చేశారు. 1964 నుంచి వస్తున్న మోడల్ అది. మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) పది తూటాలు, పాయింట్ 22 క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం వెడల్పు), పేరు అక్కడి నుంచే. భుజానికి తన్నదు, తూటా ఒక్కోటి కొన్ని సెంట్లే. నేను దాన్ని మూడు వందల డాలర్ల చిల్లరకు కొని, ఇంకేముంది ఖర్చంతా అయిపోయిందనుకున్నాను. చెవులకు మఫ్‌లు, కళ్లద్దాలు, రైఫిల్ సంచి, తాళం, శుభ్రం చేసే సామాను, చవక స్కోప్ (గురి చూసే దుర్బిణి) కలిపితే ఇంకో నూటయాభై అయింది. పెళ్లి ఖర్చు ఒకటైతే పందిరి ఖర్చు ఒకటి.

తూటాలు అయిదు వందలున్న పెద్ద పెట్టె ఒకటే కొనకండి. నేను అదే చేశాను. పెట్టె మీద రాసిన ధర చూసి మురిసిపోయాను గానీ తూటా వేగం చూడలేదు. సెమీ ఆటోమేటిక్ కదా, తూటా పేలిన ఒత్తిడే బోల్టును (తూటా వెనకాల మూసి ఉంచే లోహపు దిమ్మను) వెనక్కి నెట్టి, ఖాళీ తొడుగును బయటికి విసిరి, కొత్త తూటాను ఎక్కించాలి. కొత్త రైఫిల్లో స్ప్రింగు బిగువుగా ఉంటుంది, తూటాలో దమ్ము చాలకపోతే బోల్టు సగం దారిలో ఆగిపోతుంది. నా మొదటి మ్యాగజైన్‌లో నాలుగో తూటాకే ఖాళీ తొడుగు అది బయటికొచ్చే కిటికీలో నిలువుగా ఇరుక్కుని పొగగొట్టంలా నిలబడింది. రైఫిల్ పాడైందని కంగారుపడ్డాను. రైఫిల్‌కేమీ కాలేదు. సెకనుకు 1,200 అడుగులు దాటే, 40 గ్రెయిన్ల (గ్రెయిను తూటా బరువు కొలత) తూటాలు వేస్తే రెండు వందలకు రెండే ఆగాయి. అందుకని మూడు రకాలు యాభై చొప్పున తీసుకెళ్లి, మీ రైఫిల్‌కు ఏది సరిపడుతుందో చూసుకుని, ఆ తర్వాత పెద్ద పెట్టె కొనండి.

ఈ క్యాలిబర్‌లో ఒక తద్దినం ఉంది. పేల్చే మందు తొడుగు అంచులో ఉంటుంది. అది అంచంతా సమంగా పరుచుకోకపోతే పిన్ను తగిలినా పేలదు. క్లిక్ మని ఊరుకుంటే వెంటనే బోల్టు లాగకండి. మూతి టార్గెట్ వైపే ఉంచి ముప్ఫై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి కూడా ఉంటాయి. శబ్దం మామూలుగా కాక 'ఫుస్' మని వస్తే మాత్రం ఆపేసి, తూటాలన్నీ తీసేసి, గొట్టంలో ఏమైనా ఇరుక్కుందేమో చూసేదాకా రెండోది కాల్చవద్దు.

ఇప్పుడు నా పరువు పోయిన సంగతి. అప్పటిదాకా నా అనుభవమంతా నాంపల్లి ఎగ్జిబిషన్లో బుడగలు కొట్టే ఎయిర్ గన్. అక్కడ కాల్చాక తుపాకీని బల్ల మీద పెట్టి వచ్చేస్తాం. ఇక్కడ కాల్పులు ఆపమని కేక వేశారు. నేను బుద్ధిగా మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, సేఫ్టీ బటన్ నొక్కి, రైఫిల్‌ను బల్ల మీద ఉంచి వెనక్కి వచ్చాను. డెబ్బై ఏళ్ల రేంజ్ ఆఫీసరు వచ్చి "బోల్టు తెరిచి పెట్టలేదేం?" అన్నాడు. "ఖాళీయే" అన్నాను. ఆయన ఏమీ అనకుండా బోల్టు వెనక్కి లాగాడు. నిండు తూటా ఒకటి ఎగిరి బల్ల మీద పడి, టుక్ టుక్ మని దొర్లుకుంటూ అంచు దాకా పోయి ఆగింది. మ్యాగజైన్ తీసేస్తే ఛాంబర్లో, అంటే గొట్టం మొదట్లో తూటా పేలే చోట, ఉన్నది పోదని నాకు తెలుసు. అయినా ఆ రోజు గుర్తు రాలేదు. ఆయన నన్ను తిట్టి ఉంటే అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

మీ రైఫిల్లో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది: చివరి తూటా కాలినా బోల్టు వెనక్కి నిలబడదు, మూసుకుంటుంది. చూడడానికి నిండుగా ఉన్నదీ ఖాళీగా ఉన్నదీ ఒకేలా కనిపిస్తాయి. బోల్టును తెరిచి ఆపాలంటే దాన్ని వెనక్కి లాగి పట్టుకుని, ట్రిగ్గర్ గార్డ్ ముందున్న చిన్న మీటను నొక్కాలి. మొదట్లో దానికి మూడో చెయ్యి ఉంటే బాగుండుననిపిస్తుంది. తూటాలు ఇంకో గదిలో ఉంచి, ఖాళీ రైఫిల్‌తో ఇంట్లో ఇరవై సార్లు ఆ పని చేయండి. ఖాళీ అని అందరికీ కనిపించేలా ఛాంబర్లో పెట్టే రంగు ప్లాస్టిక్ జెండా ఒకటి కొనుక్కోండి. కాల్పులు ఆగినప్పుడు అది పెట్టేసి, బల్లల వెనకున్న గీత వెనక్కి వెళ్లిపోవాలి. అందరూ టార్గెట్ల దగ్గరికి నడిచి వెళ్తున్నప్పుడు మీ రైఫిల్‌ను సర్దడానికి కూడా ముట్టుకోకూడదు.

గురి సరిచేయడానికి 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. ఒక్క రంధ్రం చూసి స్కోప్ తిప్పకండి, అయిదు కాల్చి ఆ గుంపు మధ్యను చూడండి. నా గుంపు రెండు అంగుళాలు కింద పడింది. ఒక క్లిక్‌కు పావు అంగుళం అని స్కోప్ మీద రాసి ఉంది కదా అని ఎనిమిది క్లిక్‌లు తిప్పాను. ఆ పావు అంగుళం వంద గజాలకు. 25 గజాలకు అది అంగుళంలో పదహారో వంతే, అంటే తిప్పవలసినవి 32. ఇంజినీరింగ్ చదివానని ఎవరికీ చెప్పలేదు. లెక్క సరిచేశాకా గుంపు కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి పోతుంటే మళ్లీ ఆ పెద్దాయనే వచ్చి స్కోప్‌ను రెండు వేళ్లతో కదిపాడు. కదిలింది! రింగుల మరలు నేనే సరిగా బిగించలేదు. బయలుదేరే ముందు మరలన్నీ చూసుకోండి, గొట్టంలో ఫ్యాక్టరీ నూనెను గుడ్డతో తుడవండి, ఆ సైజు స్క్రూడ్రైవర్ సంచిలో వేసుకోండి.

మెడ దగ్గర వదులుగా ఉండే చొక్కా వేసుకోకండి. పక్క బల్ల నుంచి ఎగిరే తొడుగులు వేడిగా ఉంటాయి. ఒకటి కాలర్లో పడితే మనిషి చేతిలో రైఫిల్ ఉందన్న సంగతి మరిచి గంతులేస్తాడు.

కాల్చినంతసేపు సీసం పొడి చేతులకూ బట్టలకూ అంటుతుంది. అక్కడే సబ్బుతో, చన్నీళ్లతో చేతులు, ముఖం కడుక్కోండి, ఆ తర్వాతే ఏమైనా తినండి. ఇంట్లో పిల్లలుంటే ఎత్తుకునే ముందు బట్టలు మార్చండి. రైఫిల్ తాళంలో, తూటాలు వేరే చోట. 17 ఏళ్ల లోపు పిల్లలకు అందేలా నిండు తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం.

టార్గెట్ కాగితాల మీద తేదీ, తూటా రకం రాసి దాచుకోండి, ఏ తూటా బాగా పడిందో వచ్చేసారికి అదే చెబుతుంది. నా మొదటి కాగితం ఇప్పటికీ ఉంది. కాల్చినవి పది, రంధ్రాలు పదకొండు. మధ్యలో చక్కగా పడింది పక్క బల్ల ఆయనదని నా అనుమానం.