సరస్సులో ట్రౌట్: ముందు లోతు, తర్వాతే ఫ్లై

విదేశానికి వచ్చి ఏడాది తిరగని ఒక తమ్ముడి సందేహం ఇది. ఫ్లై ఫిషింగ్ కిట్ కొన్నాడు (ఫ్లై అంటే పురుగులా కనిపించేలా కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన ఉత్తుత్తి ఎర), లైసెన్సు తీసుకున్నాడు, నెలన్నరగా ప్రతి శనివారం సరస్సు ఒడ్డున నిలబడుతున్నాడు. ఒక్క ట్రౌట్ కూడా పడలేదు. వీడియోల్లో చూసినట్టే దూరంగా విసురుతున్నాడు, పెట్టెలో ఉన్న ఫ్లైలన్నీ మార్చి మార్చి కట్టాడు. "ఏ ఫ్లై కట్టాలి? చలికాలం వచ్చేస్తోంది, ఇక వచ్చే ఏడాదే చూసుకోవాలా?" అని అడిగాడు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఇదే ఇబ్బంది పడుతున్నవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఏ ఫ్లై కట్టాలన్నది రెండో ప్రశ్న. మొదటిది, ఎంత లోతులో ఉంచాలి అని.

వీడియోలు చాలావరకు నదుల్లో తీసినవి. నదిలో ట్రౌట్ ఒక రాయి చాటున నిలబడితే చాలు, కొట్టుకొచ్చే పురుగు నోటి ముందుకే వస్తుంది. సరస్సులో ఆ ప్రవాహం లేదు కాబట్టి చేపే తిరగాలి. నాచు పెరిగిన మెరకల వెంట, లోతు హఠాత్తుగా దిగిపోయే అంచుల వెంట, రెల్లు పొదల ముందు గస్తీ కాస్తున్నట్టు తిరుగుతుంది. అదైనా ఏ లోతులో పడితే ఆ లోతులో కాదు. చల్లదనం, ఆక్సిజన్, తిండి మూడూ దొరికే పొరలోనే తిరుగుతుంది. ఆ పొర మూడు మీటర్ల కింద ఉంటే, అర మీటరు లోతులో మీరు ఎంత అందమైన ఫ్లై లాగినా చూడ్డానికి అక్కడ చేపే ఉండదు.

ట్రౌట్ చన్నీటి చేప. నీరు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు హుషారుగా తింటుంది. 20 దాటితే దానికి ఊపిరి కష్టమవుతుంది. 10 డిగ్రీల నీరు లీటరుకు 11 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టి ఉంచగలదు, 20 డిగ్రీలకు వచ్చేసరికి అది 9 దగ్గరికి పడిపోతుంది. వేసవిలో లోతైన సరస్సు మూడు పొరలుగా విడిపోతుంది: పైన వెచ్చని నీరు, అడుగున చల్లని నీరు, రెండింటి మధ్య ఉష్ణోగ్రత చప్పున దిగిపోయే థర్మోక్లైన్. అడుగున చల్లగానే ఉన్నా, వేసవి ముదిరేకొద్దీ చాలా సరస్సుల్లో అక్కడి ఆక్సిజన్ తరిగిపోతుంది. అందుకే ఎండ మండే మధ్యాహ్నం చేపలు ఆ మధ్య పొర దగ్గర తచ్చాడుతుంటాయి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మాత్రం మోకాలి లోతు దాకా వచ్చేస్తాయి. వెలుతురు అడుగుదాకా సోకే చోటే నాచు, నాచు ఉన్న చోటే పురుగులు.

నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. చాలా దేశాల్లో ఈ చేప కూడా మనలాగే వలస వచ్చిందే. బ్రౌన్ ట్రౌట్ సొంతిల్లు యూరప్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు. 1864లో నార్ఫోక్ అనే ఓడలో మంచు మధ్య పెట్టి ఇంగ్లండ్ నుంచి పంపిన గుడ్లు టాస్మేనియాలో పొదిగాయి. అక్కడి నుంచి 1867లో బ్రౌన్ ట్రౌట్ న్యూజిలాండ్ చేరింది. రెయిన్‌బో ట్రౌట్‌ది పసిఫిక్ సముద్రపు తీరం, అది ఇప్పుడు ఎన్నో ఖండాల్లో ఈదుతోంది. ఎక్కడికి వెళ్ళినా అది వదులుకోనిది చల్లటి నీళ్ళే. కొత్త సరస్సు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ నేను ముందు థర్మామీటరు దారానికి కట్టి నీళ్ళలోకి దింపుతాను. రాడ్ (గేలం కర్ర) విప్పేది ఆ తర్వాతే.

నా మొదటి రెండు సీజన్లు ఈ తమ్ముడిలాగే గడిచాయి. అంగుళం పొడవున్న తళుకుల ఫ్లైలు కట్టి శక్తికొద్దీ దూరంగా విసిరేవాణ్ణి. ఒకరోజు ఎలాగో ఒక రెయిన్‌బో పడింది. ఇంటికి తెచ్చి శుభ్రం చేస్తూ పొట్టలో ఉన్నది తెల్లటి సాసర్‌లో నీళ్ళు పోసి కలిపి చూశాను. బియ్యపు గింజంత పొడవు, దారమంత సన్నగా ఉన్న నల్లటి పురుగులు లెక్కపెట్టలేనన్ని బయటపడ్డాయి. ఒక్కోదాని తల దగ్గర తెల్లటి కుచ్చు. ఇంకేమీ లేదు. నేను చూపిస్తున్నదానికీ అది తింటున్నదానికీ పోలికే లేదని ఆ సాసర్ చూశాకే అర్థమైంది.

ఆ పురుగుల పేరు కైరోనోమిడ్. రెక్కలొచ్చాక చూడ్డానికి దోమలాగే ఉంటుంది, కుట్టదు. సరస్సులో ట్రౌట్ తినే తిండిలో పెద్ద వాటా చాలాచోట్ల దీనిదే. లార్వాగా అడుగు బురదలో ఉంటుంది. ఆక్సిజన్ తక్కువగా ఉన్న బురదలో బతకడానికి కొన్ని రకాలకు మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఎర్రగా కనిపిస్తాయి. ప్యూపా (లార్వాకీ రెక్కల పురుగుకీ మధ్య దశ) అయ్యాక అడుగు నుంచి పైకి చాలా నెమ్మదిగా లేస్తుంది. ట్రౌట్‌కు పండగ అప్పుడే. వెంటాడే పని లేదు, నోరు తెరుచుకుని వాటి మధ్య ఈదితే చాలు.

కాబట్టి కొత్తవాళ్ళు మొదట నేర్చుకోవాల్సిన పద్ధతి బెండు కింద ప్యూపాలాంటి ఫ్లైని వేలాడదీయడమే అని నా గట్టి అభిప్రాయం. దుకాణంలో బెండును ఇండికేటర్ అంటారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా లోపలి సరస్సుల మీద ఈ పద్ధతి బాగా పదును తేలింది. చేసేదల్లా ఇదే. పడవనైతే రెండు వైపులా లంగరు వేసి కదలకుండా నిలపండి. ఫ్లైకి ఫోర్సెప్స్ (చిన్న పట్టకారు) తగిలించి నిటారుగా నీళ్ళలోకి వదలండి. అడుగు తాకగానే దారం నీటి మట్టాన్ని ఎక్కడ కలుస్తోందో చూసి, దానికి 30 సెంటీమీటర్లు కిందగా, అంటే ఫ్లై వైపుగా, బెండు బిగించండి. ఫోర్సెప్స్ తీసేసి విసిరితే ఫ్లై అడుగుకు 30 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడుతుంది. చాలా రోజులు చేపలు తినేది ఆ ఎత్తులోనే. కొక్కెం 12 నుంచి 16 నంబరు మధ్య చాలు, రంగు నలుపో ముదురు ఎరుపో. ఇక కదిలించకండి. చిన్న అలల మీద బెండు ఊగడమే ఫ్లైకి కావలసినంత కదలిక. పావుగంట దాకా ఏమీ తగలకపోతే ఫ్లై మార్చకండి, లోతు మార్చండి. అర మీటరు పైకి, ఆపైన ఇంకో అర మీటరు. బెండు ములగనక్కర్లేదు, కాస్త పక్కకి ఒరిగినా రాడ్ ఎత్తేయండి.

బెండు లేకుండా చేసేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళమీద తేలే లైన్‌కి (ఫ్లై ఫిషింగ్‌లో వాడే లావుపాటి దారం) 15 అడుగుల లీడర్, అంటే కొసన కట్టే సన్న దారం, కట్టి, ఫ్లై దిగేదాకా నిమిషం పాటు ఓపిక పట్టి, వేళ్ళతో లైన్‌ని అరచేతిలోకి మడుస్తూ నత్తనడకన లాగుతారు. ఫిగర్ ఆఫ్ ఎయిట్ అంటారు దీన్ని. చేప తాకినప్పుడు వేలికి తగిలే ఆ చిన్న బరువు కోసం నేను గంటలు నిలబడగలను.

ఇక ములిగే లైన్లు. ఇంటర్మీడియట్ లైన్ సెకనుకు సుమారు 4 సెంటీమీటర్లు దిగుతుంది, ఇంకా వేగంగా దిగే టైప్ 3 అన్నది 7 నుంచి 8 సెంటీమీటర్లు. లైన్ నీళ్ళమీద పడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. మొదటిసారి పది, తర్వాత ఇరవై, ముప్పై. నాచు తగిలిందంటే ఒక ఐదు అంకెలు తగ్గించండి. ఏ అంకె దగ్గర చేప కొట్టిందో గుర్తుపెట్టుకుని అక్కడికే మళ్ళీ మళ్ళీ దించండి. ఈ లెక్క వచ్చినవాడికి లోతు చీకట్లో తడుముకునే వ్యవహారం కాదు.

లాగే తీరు మాత్రం పురుగును బట్టి ఉండాలి. తూనీగ పిల్ల నీటిని వెనక్కి చిమ్ముకుంటూ కుదుపులతో దూసుకెళ్తుంది, కాబట్టి అడుగు దగ్గర రెండు చిన్న గుంజుళ్ళు, ఒక విరామం. జలగ ఫ్లైని మెల్లగా, సాగదీసినట్టు లాగాలి. డామ్‌సెల్ అనే సన్న తూనీగ పిల్లలు వేసవి మొదట్లో రెల్లు పొదల వైపు వళ్ళు తిప్పుకుంటూ ఈదుతాయి, రెక్కలు విప్పడానికి. మీరు పడవలో ఉండి ఒడ్డుకి విసిరి లోపలికి లాగితే, మీ ఫ్లై ఒక్కటే ఎదురు దిక్కున వెళ్తున్నట్టు. ఒడ్డునే నిలబడి లోపలికి విసిరి ఒడ్డు వైపు లాగండి. ఏ తీరులో లాగినా రాడ్ కొస నీటిని తాకుతూ, లైన్‌కి సూటిగా ఉండాలి. కొస ఎత్తి ఉంటే కింద వేలాడే లైన్‌లోనే చేప తాకిడి ఇంకిపోతుంది.

లాగడం అయిపోయిందని ఫ్లైని చటుక్కున ఎత్తేయకండి. ట్రౌట్ చాలాసార్లు వెంటపడి వస్తుంది, కొట్టదు. చివరి రెండు మూడు మీటర్ల దగ్గర ఆపి, పది దాకా లెక్కపెట్టి, నెమ్మదిగా పైకి తేల్చండి. పారిపోతున్న పురుగు అనుకుని అప్పుడు మింగుతుంది.

రాడ్ 9 నుంచి 10 అడుగులు, లైన్ 6 నంబరు సరిపోతుంది. టిప్పెట్, అంటే లీడర్ చివర ఫ్లైని కట్టే సన్న దారం, 4ఎక్స్ లేదా 5ఎక్స్. 5ఎక్స్ అంటే 0.15 మిల్లీమీటర్ల మందం. ఇంతకన్నా సామానుకు డబ్బు పెట్టకండి, నిజాయితీగా చెబుతున్నాను. విసరడంలో ఒక్క సంగతి తెలిస్తే మిగతాది సాధనే: మామూలు గేలంలో ఎర బరువు దారాన్ని లాక్కెళ్తుంది, ఇక్కడ లైన్ బరువు ఫ్లైని తీసుకెళ్తుంది. అందుకే వెనక లైన్ పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి ముందుకు విసరాలి. దూరం మీద మోజు వద్దు. నీళ్ళలో కాలు పెట్టకముందే ఒడ్డు పక్కన నాలుగు సార్లు విసరండి, చేప మీ కాళ్ళు పడే చోటే ఉండొచ్చు. దూరం నిజంగా అవసరమైన చోట్లు లేకపోలేదు. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని పిరమిడ్ లేక్‌లో జనం నీళ్ళలో నిచ్చెనలు వేసుకుని వాటి మీద నిలబడి విసురుతారు, లోతు దిగిపోయే అంచును అందుకోవడానికి. అక్కడా తిరిగి తిరిగి వచ్చేది లోతు దగ్గరికే.

గాలి వీస్తుంటే విసుక్కోకండి. గాలి పైనీటిని, దాంతో పాటు పురుగుల్నీ అవతలి ఒడ్డుకు తోస్తుంది. అలలు కొట్టుకునే ఆ ఒడ్డున విసరడం కష్టమే, చేపలు మాత్రం అక్కడికే చేరతాయి, పైగా అలల కింద నుంచి మీరు వాటికి సరిగా కనిపించరు. కుడిచేత్తో విసిరేవాళ్ళు గాలి ఎడమవైపు నుంచి వచ్చేలా నిలబడాలి, లేదంటే కొక్కెం ముఖం మీదికే వస్తుంది. కళ్ళద్దాలు, టోపీ లేకుండా ఎప్పుడూ విసరకండి. ఉరుము వినిపించగానే రాడ్ కింద పెట్టి అక్కణ్ణుంచి వెళ్ళిపోండి, కార్బన్ రాడ్ విద్యుత్తును మోస్తుంది. పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి. ఈత వచ్చినవాళ్ళు కూడా చన్నీళ్ళలో పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి మునిగిపోవచ్చు.

లైసెన్సు విషయంలో మనవాళ్ళు పొరపాటు పడే చోటు ఒకటుంది. "రెసిడెంట్" అని ఫారంలో కనిపించగానే వీసాను తలుచుకుని టిక్కు పెట్టేస్తారు. చేపల శాఖ చెప్పే రెసిడెంట్ వేరు, ఆ నిర్వచనం చదివాకే కొనండి. ఒక లైసెన్సు అన్ని నీళ్ళకూ చెల్లదు కూడా. న్యూజిలాండ్‌లో టౌపో సరస్సు ప్రాంతానికి విడిగా తీసుకోవాలి. పిరమిడ్ లేక్‌కి అనుమతి ఇచ్చేది అక్కడి పైయూట్ తెగవారు. ఇంగ్లండ్‌లో 13 ఏళ్ళు నిండినవాళ్ళకు రాడ్ లైసెన్సుతో పాటు ఆ నీటి యజమాని అనుమతి కూడా కావాలి. పట్టిన చేప ఉంచుకోవచ్చా, ఎన్ని, ఎంత పొడవు అన్నది సరస్సు సరస్సుకీ మారుతుంది.

వదిలేయాల్సిన చేపను చేతులు తడుపుకున్నాకే ముట్టుకోండి, పొడి చెయ్యి దాని వంటి మీది జిగురు పొరను ఊడ్చేస్తుంది. కొక్కెం మీది ఎదురుముల్లును ముందే నొక్కేస్తే క్షణంలో వదులుతుంది. నీరు 20 డిగ్రీలు దాటిన రోజున వేట మానేయండి. వదిలిన చేప ఈదుకుంటూ వెళ్ళినట్టే కనిపిస్తుంది, తర్వాత చచ్చిపోవచ్చు. ఇంకో సరస్సుకు వెళ్ళేముందు బూట్లు, వల కడిగి పూర్తిగా ఆరబెట్టండి. ఒక చోటి రోగాలు, కలుపు జీవులు ఇంకో చోటికి వెళ్ళేది వీటి మీదే.

ఇక చలికాలం సంగతి. తమ్ముడూ, ఇప్పుడు ఆపకు. శరత్తులో పైనీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, వేసవి పొరలు చెదిరి సరస్సంతా కలిసిపోతుంది. కలిసిన ఒకటి రెండు వారాలు నీరు మురికిగా ఉండి చేపలు సరిగా తినవు, దానికి నిరాశపడకు. తేటపడ్డాక ఆక్సిజన్ అన్ని లోతుల్లోనూ ఉంటుంది, చేపలు చలికాలానికి ముందు గట్టిగా తినడానికి ఒడ్డు దగ్గరికి వస్తాయి. నీళ్ళు గడ్డకట్టేలోపు ఇంకా కొన్ని శనివారాలున్నాయి. నాచు అంచున 2 మీటర్ల లోతున్న చోటు చూసుకుని, నల్ల ప్యూపా ఒకటి బెండు కింద అడుగుకు 30 సెంటీమీటర్ల పైన వదులు.